ఊరంతా కలిసి ఒకే పుస్తకం చదివితే
(మండల మహాసభలో గ్రామ శాఖ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల గురించి, ధాన్యం డబ్బుల గురించి మాట్లాడుకోవలసిన సభలో పుస్తకాల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మొదట్లో మాకూ అలాగే అనిపించింది. అందుకే ఇది ఎందుకు మొదలుపెట్టామో ముందు చెబుతాం.

మా ఊళ్లో ఒక కౌలు రైతు నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుని నోటు మీద సంతకం చేశాడు. బాకీ తీర్చబోతే కాగితం మీద మూడు రూపాయలని ఉంది. ఆయన పదో తరగతి చదివినవాడే. చదవడం రాక మోసపోలేదు, చదవకుండా సంతకం పెట్టడం అలవాటై మోసపోయాడు. ఆ తగువులో కూర్చున్న మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బ్యాంకు కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి సంతకం పెట్టినవాడు మాలో ఒక్కడూ లేడు.

ఒక్కడికి విసుగొచ్చే పని పదిమందితో కలిస్తే తేలిక. నాట్లయినా, చదువైనా అంతే. మినుములు ఇంటికి చేరిన తర్వాత వారానికి ఒక్క రోజు, గంటసేపు, ఊరంతా కలిసి చదువుదామనుకున్నాం. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు వంతులవారీగా పైకి చదవాలి. పెద్దవాళ్లు వినాలి, తోచింది చెప్పాలి. నీకు చదువు వచ్చా అని ఎవరినీ అడగకూడదు. వినడం కూడా చదువే.

రెండు తప్పులు చేశాం, దాచుకోం. మొదటి రెండు వారాలు గుడి ముందు అరుగు మీద చదివాం. కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు, కానీ అక్కడికి రమ్మనడమే తప్పని మాకు ఆలస్యంగా తెలిసింది. బడి వరండాకు మార్చాం, వచ్చారు. రెండోది, రాత్రి ఏడున్నరకు పెట్టాం. ఆడవాళ్లకు అది వంట వేళ. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మార్చాక సగం మంది వాళ్లే.

మొదట చదివింది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. జైల్లో ఉండి రాసిన నవల. 1922లో అచ్చయింది, ఆ తర్వాత ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. అందులో పాలేరు సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు చనిపోతాడు. ఆ ఘట్టం చదువుతున్న పిల్ల ఆగిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, "చంపడం ఇప్పుడు లేదయ్యా, కూలి కోసం మీ గుమ్మం ముందు నిలబడటం మాత్రం ఉంది" అంది.

మిత్రులారా, ఆ మాట మాకు గుచ్చుకుంది. మనం గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కుతాం, మనకు రావలసిన డబ్బు నెల ఆలస్యమైతే ధర్నా చేస్తాం. మన చేలో దిగిన మనిషికి ఆ సాయంత్రమే కూలి ఇస్తున్నామా? ఆ రోజు ఇద్దరు రైతులు కోపంతో లేచి వెళ్లారు. ఒకాయన తర్వాత తిరిగి వచ్చారు, ఒకాయన ఇప్పటికీ రాలేదు. కానీ ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలని మా గ్రామ శాఖ తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని పూర్తిగా అమలు చేస్తున్నామని చెప్పలేం, చేయడానికి ప్రయత్నిస్తున్నాం.

కథల మధ్యలో కాగితాలూ చదివాం. పురుగుమందు డబ్బా మీద ఉండే రంగు గుర్తు ఒక వారం. ఎరుపు ఉంటే అతి ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మాకంటే పిల్లలకే బాగా గుర్తుంది. ఇప్పుడు చేతికి తొడుగు లేకుండా మందు కలిపితే ఇంట్లో వాళ్లే ఊరుకోవడం లేదు. మరో వారం 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం చదివాం. కార్డు పదకొండు నెలలకేనని, భూయజమాని హక్కుకు దానితో ఏ ఇబ్బందీ లేదని యజమానులూ కౌలుదారులూ ఒకేచోట కూర్చుని విన్నారు. అంతకుముందు "సంతకం పెడితే పొలం పోతుంది" అన్నవాళ్లలో కొందరు సంతకం పెట్టారు. అందరూ పెట్టలేదు. యజమాని సంతకం తప్పనిసరి అన్న షరతు ఉన్నంతకాలం అందరూ పెట్టరు కూడా. ఆ షరతు తీసేయాలన్న మన కోర్కె ఎందుకు న్యాయమో చట్టం చదివాకే మాకు బాగా అర్థమైంది.

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు గ్రంథాలయ మహాసభ జరిపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు మన కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు పంపించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో సారా గురించిన పాఠం చదివి, చర్చించుకుని, సారా కొట్టు మూయించారు. అక్కడ అంటుకున్నది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. కలిసి చదివిన ఒక్క పాఠానికి అంత బలం ఉంది.

మహాసభ ముందు మా ప్రతిపాదనలు మూడు. ఒకటి, ప్రతి గ్రామ శాఖ ఈ వేసవిలో ఒక పుస్తకం ఎంచుకుని ఊరంతటితో చదివించాలి. నాలుగు ప్రతులు చాలు. రెండు, ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు జమ అవుతోందా లేదా అని పంచాయతీలో అడగాలి, శాఖా గ్రంథాలయం తలుపు తెరిపించాలి. మూడు, ఏ కాగితమైనా ఆదివారం పదిమందిలో చదివాకే సంతకం పెట్టాలి.

నోటు మీద సంతకం చేసిన ఆ కౌలు రైతు బాకీ ఇంకా తీరలేదు. మూడు రూపాయల లెక్కనే కడుతున్నాడు. అయితే ఇప్పుడు బడి వరండాలో అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది ఆయనే. "నాది అయిపోయింది, ఇంకొకడిది కాకూడదు" అంటాడు. మా అందరి మాటా అదే.