హ్యాష్‌ట్యాగ్ — నేటి దండోరా

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. ఈసారి తెలుగులోనే మాట్లాడాలని కార్యదర్శిగారు పట్టుబట్టారు. బడిలో పిల్లల తప్పులు నేను దిద్దుతాను, ఇవాళ నా తప్పులు మీరు దిద్దండి.

మన యువకులు "ట్యాగ్ పెట్టాం సార్, ఇక చూడండి" అంటూ ఉంటారు. ఏమిటండీ ఈ ట్యాగ్? ఫోన్ మీటల్లో సున్నా పక్కన నిలువు గీతలు రెండు, అడ్డగీతలు రెండు ఉన్న గుర్తు ఒకటుంటుంది. దాని వెనుక ఒక మాటను ఖాళీ లేకుండా కలిపి రాస్తే, అదే మాట పెట్టిన వాళ్ళ రాతలన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఊళ్ళు వేరు, ముఖపరిచయం లేదు, అయినా అందరూ ఒకే అరుగు మీద కూర్చున్నట్టే. 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సీనా అనే ఆయన ట్విట్టర్‌లో ఈ పద్ధతిని సూచించాడు. ఆ ట్విట్టర్ పేరు 2023లో 'ఎక్స్' అయింది. ఒక్క అక్షరం తేడాగా రాస్తే అది వేరే కట్టలోకి పోతుంది. అందుకని అందరూ ఒకే మాట, ఒకే వర్ణక్రమం వాడాలి. మన పిల్లలకు డిక్టేషన్ విలువ ఇక్కడైనా తెలియాలి!

ఈ గుర్తు ఏం చేయగలదో అమెరికా నల్లజాతివారు చూపించారు. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడా రాష్ట్రంలో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ళ నిరాయుధ బాలుణ్ణి ఒకడు కాల్చి చంపాడు. 2013 జూలైలో కోర్టు ఆ మనిషిని నిర్దోషిగా వదిలేసింది. ఆ బాధలో అలీసియా గార్జా అనే ఆమె ఫేస్‌బుక్‌లో కొన్ని మాటలు రాసింది. పాట్రిస్ కల్లర్స్ ఆ మాటలకు ఈ గుర్తు తగిలించి 'బ్లాక్ లైవ్స్ మాటర్' అంది. నల్లవారి ప్రాణాలకూ విలువ ఉంది అని దాని భావం. ఓపల్ టొమేటి వారికి తోడయింది. ముగ్గురూ స్త్రీలే, ముగ్గురూ అంతకు ముందునుంచే ప్రజల మధ్య పనిచేస్తున్నవారే. ఈ సంగతి మనవాళ్ళు మరిచిపోతారు.

2014 ఆగస్టులో ఫెర్గూసన్ పట్టణంలో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ళ యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అప్పుడు వేరే నగరాల నుంచి వందలమంది బస్సుల్లో, వ్యాన్లలో అక్కడికి వెళ్ళారు. ట్యాగ్ వారిని పిలిచింది, నిజమే. కాని బస్సు మాట్లాడిందెవరు? రాత్రి పడుకునే చోటు చూసిందెవరు? ఆ పని మనుషులే చేశారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడపై ఒక పోలీసు అధికారి మోకాలు మోపి ప్రాణం తీశాడు. దారిన పోతున్న 17 ఏళ్ళ బాలిక దాన్ని తన ఫోన్‌లో చిత్రించింది. దేశమంతా భగ్గుమంది. జూన్ 2న సంగీతరంగంవారు ఒకరోజు పని ఆపుదామని పిలుపిచ్చారు. అది చేతులు మారి, ప్రపంచమంతా ఫోన్లలో నల్లని చదరాలు పెట్టడంగా మారింది. నేనూ ఒకటి పెట్టాను, కింద ఆ ట్యాగ్ రాశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు హాయిగా చాయ్ తాగాను.

ఆ రాత్రి అమెరికాలో ఉంటున్న నా పాత శిష్యుడు ఫోన్ చేశాడు. "మాస్టర్ సాబ్, దయచేసి ఆ ట్యాగ్ తీసేయండి. ఎక్కడ గుమిగూడాలి, దెబ్బ తగిలితే ఎవర్ని పిలవాలి, జైల్లో పెడితే జామీనెవరిస్తారు అనే వార్తలకోసం ఇక్కడివాళ్ళు దాన్ని తెరుస్తున్నారు. తెరిస్తే అంతా నల్లచదరాలే" అన్నాడు. ఉద్యమకారులు కూడా ఆరోజు ఇదే మొరపెట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయమనుకొని చేసిన పని అడ్డుగోడ అయింది. ఇరవై ఏళ్ళు దాటి పాఠం చెబుతున్నవాడికి ఆనాడు శిష్యుడే పాఠం చెప్పాడు.

పెద్దలారా, ఫోన్లు లేని రోజుల సంగతి కూడా చూడండి. 1955 డిసెంబరు 1న మాంట్‌గొమరీ నగర బస్సులో సీటు వదలనందుకు రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ ఉపాధ్యాయిని తెల్లవార్లూ సైక్లోస్టైల్ యంత్రం తిప్పింది. ఒక్కో కాగితం మీద మూడేసి కరపత్రాలు వేసి, కత్తిరించి, వేలాదిగా పంచిపెట్టించింది. సోమవారం బస్సులెక్కవద్దు, ఇదే కబురు. అది ఆనాటి ట్యాగ్. అయితే ఆవిడ వెనుక ఏళ్ళ తరబడి పనిచేసిన మహిళా సంఘం ఉంది. ఆ ముందు సంవత్సరమే ఆమె నగర మేయరుకు ఉత్తరం రాసి హెచ్చరించింది. తరువాత జనం కార్లు పోగుచేసి పనివాళ్ళను దింపారు, మిగతావారు కాలినడకన పోయారు. 381 రోజులు! చివరకు సుప్రీంకోర్టు తీర్పుతో బస్సుల్లో ఆ భేదం పోయింది.

కాబట్టి మన యువకులకు నా మనవి. ట్యాగ్ వద్దని నేననను. పల్లెలో దండోరా లాంటిది అది, వెయ్యాల్సిందే. కాని దండోరా విని జనం వస్తే చాప పరిచేవాడుండాలి. ట్యాగ్ పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మనం అడిగేదేమిటి, ఎవర్ని అడుగుతున్నాం? చదివినవాడు రేపు ఎక్కడికి రావాలి? ఎల్లుండి ఫోన్ల సందడి చల్లారాక అర్జీ ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేదెవరు? మూడోదానికి ఒక పేరు రాసుకున్నాకే గుర్తు పెట్టండి. ఇంకొకరి పోరాటంలో చేయి కలిపేటప్పుడు మాత్రం, మీకేం కావాలని ముందు వాళ్ళనే అడగండి. నేను అడగలేదు, సిగ్గుపడ్డాను.

మన సంఘం చందా రసీదు పుస్తకంతో, ఇంటింటికీ తిరిగే కాళ్ళతో నిలబడింది. ఆ కాళ్ళకు ఈ కొత్త గొంతు తోడైతే మంచిదే. గొంతొక్కటే మిగలకూడదు.