సముద్రమునకు సర్వే గొలుసు



పొలమును గొలుసుతో కొలుతురు. కడలి అడుగును ధ్వనితో కొలుతురు. ఓడనుండి పంపిన ధ్వని నీటిలో సెకండుకు సుమారు 1,500 మీటర్లు సాగి, అడుగును తాకి మరలివచ్చును. రాకపోకలకు 4 సెకండ్లు పట్టినచో లోతు 3,000 మీటర్లు. నీటి వేడిమి, ఉప్పదనము మారినచో ధ్వనివేగమును మారును. అది యెరుగనివాని లెక్క తప్పును. అందులకే విశ్వవిద్యాలయమున విద్యార్థి గణితము, భౌతికశాస్త్రము, భూగర్భశాస్త్రము నభ్యసించును.

విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఈ విద్యకు, 1952లో అమెరికానుండి వచ్చిన లాఫాండ్ పండితుడును, భూగర్భశాస్త్రాచార్యులు మహాదేవన్ గారును దోహదము చేసిరి. 1963లో ఆంటన్ బ్రూన్ నౌకాయాత్రయందు తూర్పుతీరమున కావల కనుగొనిన మూడు సముద్రాంతర్గత లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యని పేరు లిడిరి.

2025 నాటికి ప్రపంచ సముద్రగర్భమున నాల్గవ వంతుకు కొంచె మెక్కువ మాత్రమే ఇట్లు కొలువబడినది. తక్కినది ఇంకను అడంగలు కెక్కలేదు. ఎక్కింపగోరు పిల్లలకు ఎక్కములు గ్రామపాఠశాలయందును, ఆపై గ్రంథములు ఇట్టి గ్రంథాలయములయందును లభించును.