మన గింజ, మన నర్సరీ, మన అడవి



పటాన్‌చెరు ఫ్యాక్టరీల విషం నక్కవాగుల పారి మంజీర దాకా పోయింది. ఆ గోడు 1990లనే సుప్రీంకోర్టుకెక్కింది. నీళ్లు చెడినయ్, భూములు చెడినయ్. ఇక గుట్టల మీది చెట్లు కూడా పోతే పడ్డ వాన నిలిచేదెక్కడ?

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఊరూరికీ నర్సరీ వచ్చింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టమే చెప్పింది. మంచిదే. కానీ ఏ మొక్కలు? పూల మొక్కలతో లెక్క నిండుతది గానీ అడవి కాదు. మనకు కావాల్సింది వేప, కానుగ, మోదుగ, ఇప్ప, నేరేడు, చింత.

దారి మన జిల్లాలనే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నయ్. వాటిల ఎక్కువ మంది దళిత ఆడబిడ్డలు. ఊరి బీడు భూముల్లో చెట్లు పెంచి కాపాడుకున్నరు. ఆ సంస్థకు 2019ల ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వేప గింజను రాలిన రెండు మూడు వారాల్లనే విత్తాలె. దాచితే మొలవదు. టెండరు పెట్టి తెప్పించేసరికి దాని ప్రాణం పోతది. ఊరోళ్లే ఏరి, ఊర్లనే సంచులల్ల పెట్టాలె.

అందుకే మన డిమాండ్లు మూడు: మొక్కల ఎంపిక గ్రామసభదే కావాలె. నర్సరీ ఆడోళ్లకు ఉపాధి కూలి వేళకు అందాలె. నాటినంక మూడేండ్లు నీళ్లకు, కాపలాకు పైసలియ్యాలె.

వేపపండ్లు రాలేలోపు గ్రామసభల తీర్మానం పెట్టిద్దాం.