దానమునకు లెక్క కలదా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను దానధర్మములను గూర్చి మాటాడుమని కోరిరి. నేను పండితుడను కాను. పగలు ఊరి జమాఖర్చులు, రాత్రి భారత భాగవతములు: ఇదియే నా చదువు. కావున ఈ రెంటిని కలిపియే నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసెదను.

మన సీమలో కోతలు ముగిసి ధాన్యము కళ్లము దాటుటయే తడవు, చందా పుస్తకములు వాకిట నిలుచును. ఒకరు గుడి జీర్ణోద్ధరణమందురు; ఒకరు అన్నదానమందురు; ఒకరు అనాథల పేరు చెప్పుదురు. ఇపుడు సెల్‌ఫోనులోనికి సైతము రోగియైన శిశువు చిత్రముతో విన్నపములు వచ్చుచున్నవి. అందరికి ఇచ్చుటకు మనకు చాలదు. ఎవరికిని ఇయ్యకుండుటకు మనసొప్పదు. తుదకు ఎవరు గట్టిగా అడిగిరో, ఎవరు మొగమాటపెట్టిరో వారికిచ్చి ఊరకుందుము. ఎద్దును కొనునపుడు పళ్లు చూతుము, నడక చూతుము. దానమిచ్చునపుడు మాత్రము ఏమియు చూడము. ఇది ధర్మమేనా యని నా ప్రశ్న.

ఉద్యోగపర్వమున నిద్రపట్టని ధృతరాష్ట్రునకు విదురుడు నీతులు చెప్పెను. అందు న్యాయార్జితమైన ధనమునకు రెండు అపచారములు కలవని చెప్పినాడు. అర్హుడు కానివానికి ఇచ్చుట యొకటి. అర్హునకు ఇయ్యకుండుట రెండవది. మనలో పెక్కురు మొదటి దానికే భయపడుదురు. "వాడు తినివేయునేమో" యని చేయి ముడుచుకొందురు. విదురుని లెక్కలో రెండవదియు దోషమే. పద్దు తప్పుగా వ్రాయుట ఎట్టిదో, వ్రాయవలసిన పద్దును విడిచిపెట్టుటయు అట్టిదే గదా! కావున మోసము జరుగునను భయము దానము మానుటకు కారణము కారాదు. విచారించుటకు కారణము కావలెను.

విచారణ యనగా నేమి? దేశము, కాలము, పాత్రము అని పెద్దలు చెప్పిన మూడు మాటలలోనే అది యంతయు కలదు. దీనికి దృష్టాంతము మనకు దూరమున వెదకనక్కరలేదు. ఆళ్లగడ్డకు అనతిదూరమున నున్న ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిది. 1866 నాటి కరవులో ఆయన తన గాదెలు తెరచి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించెను. నాటి ప్రభుత్వము విక్టోరియా రాణి పేర ఆయనకు స్వర్ణపతకమిచ్చి గౌరవించినది. ఆయనపై కట్టిన పాటలు జనుల నోళ్లలో నిలిచినవి. ఆ దానమెందుకు గొప్పది? ధాన్యము చాల ఇచ్చుటచే మాత్రమే కాదు. కరవున్న చోటనే యిచ్చెను. ప్రాణము పోకముందే యిచ్చెను. కులగోత్రములు గాక ఆకలి నడిగి యిచ్చెను. దేశకాలపాత్రములకు ఇంతకు మించిన వ్యాఖ్యానము లేదు.

దీనికి పది సంవత్సరముల పిమ్మట, 1876-78 సంవత్సరములలో, మరియొక మహాక్షామము వచ్చెను. కర్నూలు జిల్లా మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో నొకటి. 1871 జనాభా లెక్కలతో 1881 లెక్కలను పోల్చినచో జిల్లా జనములో సుమారు నాల్గవ వంతు తరిగిపోయినట్లు కానవచ్చును. ఆ కాలమున సహాయపు పనులలో ఖర్చు తగ్గింపవలెనని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కూలి తగ్గించెను. మట్టిపని చేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము వెల, దానిపై కొద్ది రొక్కము. పౌననగా నేటి తూకమున రమారమి 450 గ్రాములు. మద్రాసు పారిశుధ్యాధికారి కార్నిష్ ఇది దేహము నిలుపుటకు చాలదని గట్టిగా వాదించెను. ఆ సంవత్సరమే కూలి పెంచబడినది. కాని ఆలోపల ఎముకల గూళ్లైనవారెందరో!

ఈ కథ ఎందుకు చెప్పితిననగా, ఖర్చు తక్కువైనంత మాత్రమున సహాయము మంచిది కాదు. టెంపుల్ దొర పుస్తకమున రూపాయలు మిగిలినవి. ఊళ్లలో మనుషులు మిగులలేదు. నేడును కొందరు, "ఈ సంస్థవారు జీతములకెంత వాడుదురు?" అని ఒక్క ప్రశ్నయే అడుగుదురు. జీతము లేకుండ నడచునదెల్ల పుణ్యమనియు, జీతమిచ్చునదెల్ల దుబారా యనియు తలంతురు. వైద్యునికి జీతమీయని ఆసుపత్రి రోగికేమి చేయగలదు? అడుగవలసినది ఖర్చెంత యని కాదు. ఆ ఖర్చుకు ఏమి ఫలించినదని.

మదురలో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో పదునొకండు మంచములతో అరవింద నేత్రాలయమును ఆరంభించిరి. ఇయ్యగలవారి రుసుముతోనే ఇయ్యలేనివారికి చికిత్స జరుగు ఏర్పాటది. కంటిలో అమర్చు కటకములు విదేశములనుండి వచ్చుటచే మిక్కిలి ప్రియముగా నుండెను. 1992లో వారే కటకముల కర్మాగారము స్థాపించి, ఆ వెలలో స్వల్పభాగమునకే తయారుచేసిరి. హైదరాబాదున 1987లో స్థాపితమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్యసంస్థయు బీదలకు ఉచితముగా చూపునిచ్చుచున్నది. శుక్లములు కమ్మిన ముసలితల్లి శస్త్రచికిత్సానంతరము బియ్యములో రాళ్లు ఏరుకొనగలదు, మనుమని ముఖము చూడగలదు. ఆ చికిత్సకెంత యగునో, మన ఉత్సవములలో ఒక రాత్రి బాణసంచాకెంత యగునో, మీరే కనుగొని ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. నేను తీర్పు చెప్పను, లెక్కయే చెప్పును.

ఇచట ఒకరు అడుగవచ్చును: "అయితే మహానందీశ్వరునకు, అహోబల నరసింహునకు ఇయ్యవలదా?" నేనట్లనను. భక్తికి ఇచ్చునది యొక పద్దు, బాధ తీర్చుటకు ఇచ్చునది మరియొక పద్దు. రెండును ఆవర్జాలో నుండవలసినవే. ఒక పద్దు సొమ్ము రెండవదానిలో చూపుటయే తప్పు. గోపురమునకు రంగు వేయించి, బీదలకు సాయపడితినని సంతృప్తి చెందరాదు.

అహోబలమున శాసనములున్నవి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా కాలమున స్వామిని దర్శించి ఆభరణములును గ్రామమును సమర్పించినట్లు అందు కలదు. సామాన్యముగా మన దానశాసనములను చదివిన వారికి తెలియును: ఇచ్చినదెవరు, ఇచ్చినదేమి, పొలిమేరలేవి, దాని ఆదాయముతో ఏ దీపము వెలుగవలెను, ఏ నైవేద్యము జరుగవలెను అను వివరములన్నియు అందుండును. అపహరించువానికి శాపము సైతము కలదు. అనగా మన పూర్వులు రాతిమీద చెక్కినది కీర్తి మాత్రమే కాదు, లెక్క. నేటి ఫలకములలో దాత పేరు పెద్ద అక్షరములతో నుండును. సొమ్మేమైనదో మాత్రము ఉండదు.

కావున చందా పుస్తకము వచ్చినపుడు నాలుగు మాటలు అడుగుదము. ఈ సొమ్ము ఎవరికి చేరును? చేరిన పిమ్మట వారి బ్రతుకులో ఏమి మారును? మనము ఇయ్యనిచో ఆ పని ఆగునా, లేక ఇచ్చువారు ఇదివరకే పెక్కురున్నారా? గడచిన యేటి జమాఖర్చు చూపుదురా? మూడవ ప్రశ్నను మనము మరచుచుందుము. శివరాత్రినాడు క్షేత్రములలో అన్నమునకు కొరతయుండదు. ఆసుపత్రి వరండాలో రోగి ప్రక్కన కూర్చున్నవానికి ఆ రాత్రియు కొరతయే. వరదలు వచ్చినపుడు పాతబట్టల మూటలు గుట్టలగును; త్రాగునీరు, మందులు తక్కువగును. నిండిన కుండలో నీరు పోయుట దానము కాదు. నాలుగవ ప్రశ్నకు కోపగించువానికి ఇయ్యకుడు. నిజమైన ధర్మకర్త రసీదు అడిగినవానిని గౌరవించును.

"మా వంటి పేదల దానమునకు ఇంత విచారమెందుకు?" అనువారికి అశ్వమేధపర్వములోని ముంగిస కథ గుర్తుచేసెదను. సక్తుప్రస్థుడు ఏరుకొన్న గింజల పిండిని, తన కుటుంబము ఆకలితో నుండియు, అతిథికి పెట్టెను. ఆ పిండి రాలిన చోట పొరలిన ముంగిసకు సగము దేహము బంగారమాయెను. ధర్మరాజు యాగశాలలో పొరలినను తక్కిన సగము బంగారము కాలేదు. చిన్నదానమునకే యంత విలువ గలదనినచో, దానిని వృథా పోనిచ్చుట మరింత పాపము. శ్రీమంతుని వేయి పోయిన వాని వేలికి నొప్పి. కూలివాని నూరు పోయిన వాని పొయ్యికి నొప్పి.

తుదిమాట. పరుల సంస్థలను పరీక్షించుమని చెప్పి, మన గ్రంథాలయమును విడిచిపెట్టుట న్యాయము కాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయమును స్థాపించినవారును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమునకు అంకురార్పణ చేసినవారును జనుల చందాలతోనే పని చేసిరి. పుస్తకము చదువరి చేతికి చేర్చుటయే వారి లెక్క. రజతోత్సవమునకు మనము కూడబెట్టిన సొమ్ముతో రాతి ముఖద్వారము కట్టించి దాతల పేర్లు చెక్కింతమని కొందరి యభిప్రాయము. ఆళ్లగడ్డ శిల్పుల పనితనమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని మన గ్రంథాలయపు తలుపు సాయంకాలము తెరచువారు లేక, బడి విడిచిన బాలికలు మెట్లమీద కూర్చుండి వెళ్లిపోవుచున్నారు. ఆ సొమ్ముతో ఒక గ్రంథపాలకునికి కొంతకాలము జీతమియ్యవచ్చును. నాలుగు ప్రశ్నలను ద్వారమునకును, జీతమునకును వేసి చూడుడు. ఏది నిలుచునో సభవారే నిర్ణయింపుడు. నా వంతు చందా రసీదుపై మాత్రము "సాయంకాలము తలుపు తెరచుటకు" అని వ్రాయింప ప్రార్థన.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము చూచుగాక! అప్పటి లెక్కలు ఈ సభలోనే బిగ్గరగా చదువబడుగాక!