ఈ రాళ్లెందుకని పిల్లలడిగినప్పుడు
(యాప్రాల్ సంఘములో కుటుంబ ఆరాధన సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో మన డయాసిస్ చరిత్రను గూర్చి పెద్దలనేకులు వ్రాస్తున్నారు, మాట్లాడుతున్నారు. బిషప్పులు, మిషనరీలు, గుడులు, బడులు, ఆసుపత్రులు, వీటన్నిటి చరిత్ర రిజిస్టర్లలో ఉన్నది. కాని విశ్వాసమును తల్లినుండి బిడ్డకు, తాతనుండి మనుమనికి అందించినవి మన ఇండ్లలోని చిన్న చిన్న ఆచారములు. వాటికి రిజిస్టరు లేదు. అవి ఎట్లు మొదలవుతవి, ఎట్లు చేతులు మారుతవి, ఎట్లు ఆగిపోతవి అనునది ఈ ఉదయము మీతో కలిసి ఆలోచింపగోరుతున్నాము.

మన యాప్రాల్‌నే చూడండి. ఒకప్పుడు సికింద్రాబాద్ కంటోన్మెంటు ప్రక్కనున్న పల్లె. నేడు కాలనీలు, అపార్టుమెంట్లు. సైన్యములో పనిచేసి రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకొన్నవారు మనలో ఉన్నారు. మెదక్, నిజామాబాద్ వైపునుండి ఉద్యోగములకై వచ్చినవారున్నారు. కృష్ణా, గోదావరి జిల్లాలవారున్నారు. ఒక్కొక్క ఇంటివారు తమ ఊరి గుడినుండి ఒక్కొక్క అలవాటును మూటగట్టుకొని వచ్చినారు. ఒకరు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లేవారు. ఒకరు క్రొత్త పంటలో తొలి దోసెడు గింజలు కోత పండుగకు తెచ్చేవారు. ఒకరి ఇంట కీర్తన పాడనిదే రాత్రి కంచము ముట్టరు. చదువురాని అవ్వలు పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలను పుస్తకము లేకుండ పాడేవారంటే, అది ఇంట పాడిపాడి వచ్చిన చదువే.

ఆ మూటలు నేడు విప్పుతున్నామా? అటక మీదనే ఉంచుతున్నామా?

ప్రియులారా, పాత నిబంధనలో ఒక విషయము గమనించండి. పస్కాను గూర్చి, తొలిచూలు ప్రతిష్ఠను గూర్చి, ధర్మశాస్త్రమును గూర్చి, గిల్గాలులో నిలిపిన పండ్రెండు రాళ్లను గూర్చి లేఖనము మాట్లాడినప్పుడెల్ల ఒకే ఏర్పాటు కనబడుతుంది. రేపు మీ కుమారుడు దీని భావమేమని అడుగుతాడు, అప్పుడు మీరిట్లు చెప్పవలెను అని. పిల్లలను కూర్చుండబెట్టి ఉపన్యాసమిమ్మని దేవుడు అక్కడ చెప్పలేదు. పిల్లవాడు ఊరకుండలేక అడుగునట్టి పని ఒకటి ఇంట ఉంచుమన్నాడు. అడిగినప్పుడు జవాబు సిద్ధముగా ఉంచుకొనుమన్నాడు. ఆచారము చేతులు మారునది ఆ ప్రశ్నకును జవాబుకును మధ్యనే.

ఇట్టి రాళ్లు మన తెలుగు దేశములోను ఉన్నవి. మెదక్ కెథీడ్రల్ నిర్మాణము 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కరువు రోజులలో జనులకు పని, కూడు కల్పించుటకు పోస్నెట్ దొరగారు ఆ నిర్మాణమును సాగించినారని మన పెద్దలు చెప్పుకొనేవారు. నేటికిని క్రిస్మస్‌కు బండి కట్టించుకొని మెదక్ వెళ్లే కుటుంబములు అనేకము. చిన్నవాడు తలయెత్తి ఆ గోపురమును చూచి, "తాతా, ఇంత పెద్దది ఎవరు కట్టినారు?" అని అడుగుతాడు. "దొరలు కట్టినారు" అని ముగించవచ్చును. "మన పల్లెలవారు, తిండికి లేనివారు, రాళ్లు మోసి కట్టినారు" అనియు చెప్పవచ్చును. మొదటి జవాబు విన్న పిల్లవానికి అది చూడదగిన స్థలము. రెండవ జవాబు విన్నవానికి అది తన ఇల్లు.

ఇక్కడనే మన ఇండ్లలో ఒక లోటు కనబడుతున్నది. మన ముత్తాతలలో అధికులు మాలపల్లె, మాదిగపల్లెలనుండి వచ్చినవారు. ఊరి బావిలో నీళ్లు చేదుకొననియ్యని కాలములో, బాప్తిస్మము పొంది, పలక పట్టి, తలయెత్తి నిలిచినవారు. నేడు మనము చదువుకొన్నాము, కాలనీలలో ఉంటున్నాము. ఇరుగుపొరుగువారేమనుకొందురో అని ఆ కథ పిల్లలకు చెప్పుట మానివేసినాము. కథ మానివేయగా, "మనమెందుకు ఇట్లు చేస్తాము?" అన్న ప్రశ్నకు జవాబు లేకపోయినది. జవాబు లేని ఆచారమును పిల్లలు కొంతకాలము మన భయమున చేస్తారు, పిమ్మట వదలుతారు. తప్పు పిల్లలది కాదు. మన పెద్దల బీదరికములో సిగ్గుపడదగినది ఏమియు లేదు. దానిని దాచుటవలననే నష్టము.

ఇంకొక సంగతి. ఆ ముత్తాతలకు అనుసరించుటకు క్రైస్తవ ఆచారము ఏదియు ఇంట లేదు. వారే మొదలుపెట్టవలసి వచ్చినది. ఉన్నదానితోనే మొదలుపెట్టినారు. 1912లో బిషప్పైన అజరయ్యగారి కాలపు దోర్నకల్ డయాసిస్‌లో, పేద స్త్రీలు వంటకు బియ్యము తీసినప్పుడెల్ల ఒక పిడికెడు ప్రభువు పేరట వేరుగా ఉంచేవారు. డబ్బు లేని ఇంట అదియే కానుక. మిజోరాములోను సంఘ స్త్రీలు 1910లో ఇట్టి పిడికెడు బియ్యపు కానుక మొదలుపెట్టగా నేటికిని సాగుతున్నది. ఎందుకు నిలిచినది? అది చిన్నది. ప్రతిదినము జరిగేది. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పిడికెడు కుండలో పోయుట పసిబిడ్డ చేతికి ఇవ్వదగిన పని. చూచిన పిల్లవాడు మరచిపోవచ్చును, చేసిన పిల్లవాడు మరచిపోడు.

అయితే ఆచారమైనదంతయు మంచిదేనా? కాదు. కొర్బాను అని చెప్పి తలిదండ్రుల పోషణ ఎగవేసినవారిని ప్రభువు గద్దించినాడు. పేరు గొప్పకై అప్పుచేసి పెండ్లి చేయుట, కట్నము లెక్కించి పుచ్చుకొనుట, ఆస్తి తగవులో అన్నదమ్ములు సమాధానపడకయే బల్లయొద్దకు వచ్చుట, ఇవియు తరతరములుగా వస్తున్నవే. పిల్లవాడు వీటి భావమేమని అడిగితే మనము తల వంచుకొనవలసినదే. ఏది నిలుపవలెను, ఏది విడువవలెను అన్నదానికి ఆ ప్రశ్నయే గీటురాయి. బిడ్డ కండ్లలోనికి చూచి జవాబు చెప్పగలిగినది ఉంచండి. చెప్పలేనిది మీతోనే ఆపివేయండి.

"అయ్యగారూ, ఇంటిల్లిపాది ఒకచోట చేరుటే కష్టము" అని మీరంటారు. నిజమే. ఒకరికి రాత్రి డ్యూటీ, ఒకరికి ట్యూషను. పెద్దబ్బాయి బెంగళూరులో, అమ్మాయి అమెరికాలో. కాని రేకాబీయులను తలంచుకొనండి. వారు గుడారములలో తిరిగినవారు, నిలకడైన ఊరు లేనివారు. అయినను తమ పితరుడైన యెహోనాదాబు మాటను రెండు వందల ఏండ్లకు పైగా నిలుపుకొన్నారు. యిర్మీయా వారిని యెరూషలేమువారికి మాదిరిగా చూపించినాడు. ఆచారమునకు ఒకే ఇల్లు అక్కరలేదు, ఒకే మాట చాలును. ఆదివారము సాయంత్రము పది నిమిషములు ఫోనులోనైనను అందరు ఒక కీర్తన పాడి, ఒకరి పేరు ఒకరు ప్రార్థనలో ఎత్తుకొనిన, అదియు కుటుంబ ప్రార్థనయే.

కాబట్టి ఈ శతాబ్ది కానుకగా ప్రతి ఇంటివారిని రెండు పనులు అడుగుతున్నాము. ఒకటి: ఇంటి పెద్ద ఇంకను మన మధ్య ఉండగానే, మొదట బాప్తిస్మము పొందిన పితరుని పేరు, ఊరు, తెలిసినంతవరకు ఆయన కథ అడిగి, కుటుంబ బైబిలు మొదటి పుటలో వ్రాయండి. చేవ్రాలు మనుమడిదో మనుమరాలిదో కావలెను. రెండు: మీ ఇంట ఒక చిన్న ఆచారమును నిలపండి, లేదా క్రొత్తగా మొదలుపెట్టండి. అందులో అందరికంటె చిన్నవారికి ఒక పని ఇవ్వండి.

తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలో, తల్లియైన యునీకేలో ఉండినదని పౌలు చెప్పినాడు. ఆ ఇంట ఏమి చేసేవారో లేఖనము వివరింపలేదు. కాని ఆ పసివాడు ఏదో చూచి, ఏదో అడిగి ఉంటాడు. ఆ ఇద్దరు స్త్రీలు విసుగుకొనక జవాబు చెప్పి ఉంటారు. అట్టి ప్రశ్నలును అట్టి జవాబులును దేవుడు మన ఇండ్లలో సమృద్ధిగా అనుగ్రహించును గాక. ఆమెన్.