ఉపగ్రహ చిత్రం, ఊరి సాక్ష్యం



ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు మన నేలను ఎలా చూస్తున్నాయి, ఆ చూపును మనం ఎలా చదవాలి అన్నది ఈరోజు నా అంశం. దీన్ని శాస్త్రం చదివిన పదిమందికే వదిలేయకూడదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే మన జిల్లాల్లో అడవి పెరిగిందా, తరిగిందా, ఎవరి పోడుకు పట్టా రావాలి, వరద ఎంతదూరం వచ్చింది అనే లెక్కలన్నింటిలోనూ ఇప్పుడు ఉపగ్రహ చిత్రం ఉంటోంది. మన బతుకును తేల్చే కాగితాన్ని మనమే చదవలేకపోతే ఎట్లా?

మనమున్న ఎర్రుపాలెం ఖమ్మం జిల్లాకు దక్షిణపు కొస. పత్తి, మిరప, వరి, సుబాబుల్ పండే నేల. ఇక్కడి నుంచి ఈశాన్యంగా చూస్తే భద్రాచలం సూటిగా 100 కిలోమీటర్లుంటుంది. ఆ వైపు సత్తుపల్లి బొగ్గు గనులు, అశ్వారావుపేట పామాయిల్ తోటలు, జామాయిల్ ప్లాంటేషన్లు, కొత్తగూడెం, పాల్వంచ అడవులు, వాటి అంచుల్లో కోయ గిరిజనులు అడవి కొట్టి సాగుచేసే పోడు చేలు ఉన్నాయి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసే ఒక్కో చిత్రం 185 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. మాగాణి నుంచి గోదావరి దాకా ఉన్న ఈ నేలంతా ఒక్క చిత్రంలో పట్టేంత అన్నమాట.

మొదటి ల్యాండ్‌శాట్‌ను అమెరికా 1972 జులైలో ప్రయోగించింది. రెండేళ్లకే, 1974లో, హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. బాలానగర్‌లో ఉన్న ఆ సంస్థే 2008 నుంచి ఇస్రోలో భాగంగా జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) పేరుతో పనిచేస్తోంది. ఉపగ్రహ సంకేతాలు అందుకునే కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. 1988 మార్చి 17న మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ బైకనూర్ నుంచి కక్ష్యలోకి వెళ్లింది. దేశం మొత్తం నేల లెక్క మన తెలుగు నేల మీదే తయారవుతోందంటే మనకు గర్వకారణమే.

ఈ సంస్థ చేసిన ఒక పని దేశాన్ని కుదిపింది. 1972-75 నాటి చిత్రాలనూ, 1980-82 నాటి చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం ఉన్న అడవి 14 శాతానికి పడిపోయినట్టు తేలింది. అప్పటికి ప్రభుత్వ రికార్డుల్లో అడవి భూమి 23 శాతం దాకా ఉండేది. కాగితం మీది అడవికీ నేల మీది అడవికీ మధ్య ఎంత దూరం ఉందో అందరి కళ్లకూ కట్టింది. ఆ అంకెల మీద పెద్ద వాదమే నడిచింది. 1987 నుంచి భారత అటవీ సర్వేక్షణ సంస్థ దేశంలోని అడవుల మీద రెండేళ్లకోసారి నివేదిక ఇస్తోంది. ఉపగ్రహ చిత్రానికి ఉన్న బలం ఇదే. ఎవరికీ మొహమాటపడదు, ఏ దస్త్రానికీ లొంగదు.

బలం ఒప్పుకున్నాక పరిమితి కూడా తెలుసుకోవాలి. ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న చదరాలతో కూడుతుంది. ఒక్కో చదరాన్ని పిక్సెల్ అంటారు. మన కొలతల్లో చెబితే సులువుగా ఉంటుంది. 1972 నాటి చిత్రంలో ఒక పిక్సెల్ అంటే ఎకరానికి పైమాటే. తర్వాతి ల్యాండ్‌శాట్లలో 30 మీటర్ల పిక్సెల్, అంటే తొమ్మిది గుంటలు. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాది 23.5 మీటర్లు, అంటే అయిదున్నర గుంటలు. 2015 నుంచి ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఇస్తున్నది 10 మీటర్లు. అది దాదాపు ఒక గుంట. పిక్సెల్ లోపల ఏమున్నా ఉపగ్రహానికి కనిపించేది వాటి సగటు మాత్రమే. ఒక పిక్సెల్‌లో సగం చేను, సగం చెట్లు ఉంటే అది చేనుగానూ కనిపించదు, అడవిగానూ కనిపించదు.

ఇక రంగుల సంగతి. ఆకు తన ఆహారం కోసం ఎరుపు కాంతిని మింగుతుంది. మన కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఈ రెంటి తేడాను కొలిస్తే పచ్చదనం తెలుస్తుంది. చిత్రాల్లో ఆ పరారుణ కాంతికి ఎరుపు రంగు ఇవ్వడం వాడుక. అందుకే పచ్చటి అడవి పటంలో ఎర్రగా కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు చిత్రాలు ఊహించండి. ఒకటి నవంబరుది. పాల్వంచ వైపు అడవి చిక్కటి ఎరుపులో ఉంటుంది. రెండోది మార్చి నెలాఖరుది. టేకు, ఇప్ప ఆకు రాల్చేశాయి. అదే అడవి బూడిద రంగులో, నరికేసినట్టు కనిపిస్తుంది. జామాయిల్ తోట మాత్రం ఎర్రగానే ఉంటుంది, దానికి ఆకు రాల్చే అలవాటు లేదు. కాలువ నీళ్లు అందిన యాసంగి వరి కూడా ఎర్రగానే ఉంటుంది. తేదీ చూడకుండా చదివినవాడు చేనును అడవి అనుకుంటాడు, అడవిని బీడు అనుకుంటాడు. అటవీ సర్వే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీసిన చిత్రాలను ఎంచుకోవడానికి కారణం ఇదే. కానీ నవంబరులో ఇంకో చిక్కు ఉంది. అప్పుడు అన్నీ పచ్చగానే ఉంటాయి. ఒక్క తేదీ చిత్రం చాలదు. ఒకే చోటును ఏడాది పొడవునా, ఏళ్ల తరబడి వరుసగా చూస్తేనే ఏది అడవో, ఏది తోటో, ఏది పంటో విడిపడుతుంది. జామాయిల్‌ను నాలుగైదేళ్లకోసారి నరుకుతారు, మోడు నుంచి మళ్లీ పిలకలేస్తుంది. ఆ ఎక్కుదిగుళ్లు వరుస చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తాయి.

మన జిల్లాలకు ఇది చాలా ముఖ్యం. అటవీ సర్వే లెక్కలో, ఒక హెక్టారుకు మించిన స్థలంలో నేల మీద పది శాతం చెట్ల నీడ ఉంటే అది అడవి కింద జమ అవుతుంది. ఆ భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. తోటలకూ అందులో చోటుంది. 2021 నివేదిక తెలంగాణలో రెండేళ్లలో 632 చదరపు కిలోమీటర్ల అడవి పెరిగిందని చెప్పింది. సంతోషమే. అయితే అందులో ఇప్ప, తునికి ఉన్న అడవి ఎంత, సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్ర ఎంత అని మనం అడగాలి. జామాయిల్ రైతుకు ఆదాయం ఇస్తుంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ అది తునికాకు ఇవ్వదు, ఇప్పపువ్వు ఇవ్వదు. లెక్కలో రెండూ ఒకటైతే, సహజమైన అడవి తరిగిపోతున్నా నివేదికలో పచ్చగానే కనిపిస్తుంది.

పోడు విషయంలో ఈ చదువు ఇంకా బరువైనది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు. ఆ నాటి చిత్రాలు చూసి తేల్చేద్దాం అన్న ఆలోచన చాలామందికి వచ్చింది. లిస్-3 చిత్రంలో రెండెకరాల పోడు అంటే పదిహేను పిక్సెళ్లకు మించదు. వాటిలో సగానికి పైగా అంచు పిక్సెళ్లే, పక్కనున్న అడవితో కలగలిసినవే. పైగా కోయ రైతు పోడు కొట్టినా ఇప్ప చెట్టును కొట్టడు, అది అతని ఇంటికి తిండి. చేలో కంది ఉంటే డిసెంబరుకు అది ఇంకా పచ్చగానే నిలబడి ఉంటుంది. పైనుంచి చూసినవాడికి అది పలచటి అడవి. లోపల దున్నినవాడికి అది తాతల నాటి చేను. అందుకే 2012లో సవరించిన నిబంధనలు సూటిగా చెప్పాయి: ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. గ్రామసభలో పెద్దలు చెప్పే మాట, పాత గట్టు, బావి, సమాధి, వీటన్నిటికీ చట్టంలో విలువ ఉంది. ఇదే చిత్రం రెండోవైపు కూడా పనిచేస్తుంది. నిన్నమొన్న యంత్రంతో చదును చేసిన పదెకరాలను పాత పోడు అని ఎవరైనా చెబితే, వరుస చిత్రాల ముందు ఆ మాట నిలవదు. నిజమైన పోడు రైతుకు ఇది రక్షణే.

వరద మాట కూడా చెప్పాలి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజుల్లో మబ్బు పట్టి మామూలు కెమెరాకు నేల కనిపించదు. అప్పుడు రాడార్ ఉపగ్రహం ఆదుకుంటుంది. అది తన తరంగాన్ని తానే పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. దానికి మబ్బు అడ్డు కాదు, రాత్రి అడ్డు కాదు. నిలిచిన నీరు అద్దంలా నున్నగా ఉండి తరంగాన్ని అవతలికి తోసేస్తుంది కాబట్టి వరద నల్లగా కనిపిస్తుంది. కానీ చెట్ల కింద, ఇళ్ల మధ్య చేరిన నీరు అంత తేలిగ్గా పట్టుబడదు. నష్టపరిహారం జాబితా ఆ నల్లటి మచ్చతోనే ఆగిపోతే, తోటలో నీళ్లు నిలిచిన రైతు పేరు జారిపోతుంది. అక్కడా ఊరి మాట కలవాలి.

మిత్రులారా, ఈ చిత్రాలు ఇప్పుడు ఎవరి గుప్పిట్లోనూ లేవు. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ 2008 నుంచి ఉచితం. సెంటినెల్ ఉచితం. ఇస్రో భువన్ పోర్టల్ 2009 నుంచి నడుస్తోంది. ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. తొమ్మిదో తరగతి పిల్లల చేత తమ ఊరి పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టించండి. తేడా కనిపించిన ప్రతి చోటికీ వాళ్లను నడిపించండి. అక్కడి రైతును, పశువుల కాపరిని, ముసలమ్మను అడిగి రాసుకోమనండి. చెరువు ఎప్పుడు కుంచించుకుపోయింది, సుబాబుల్ ఏ ఏడు వచ్చింది, వాగు ఎటు కోసింది, అన్నీ రాయనివ్వండి. ఇలాంటి రికార్డు ఒక్కో ఊరికి ఒకటి తయారైతే ఏ కార్యాలయంలోనూ దొరకని సంపద అవుతుంది.

పెద్దలకు ఒక మాట. ఎవరైనా ఉపగ్రహ చిత్రం తెచ్చి మీ భూమి ఇది, మీ అడవి ఇది అని చూపిస్తే నాలుగు ప్రశ్నలు వేయండి. ఏ తేదీన తీశారు? ఒక్కో పిక్సెల్ ఎన్ని గుంటలు? నేల మీద నడిచి సరిచూసింది ఎవరు? ఆ చిత్రం మాకూ ఇస్తారా? వీటికి జవాబు చెప్పగలిగిన చిత్రాన్ని గౌరవించండి. అది మన నేలకు మేలు చేసే సాక్షి. జవాబు చెప్పలేని చిత్రాన్ని గ్రామసభ తీర్మానంలో ఒప్పుకోకండి. అడిగే హక్కు మీకు చట్టం ఇచ్చింది. అడగడానికి కావలసిన చదువును మన పిల్లలకు ఇవ్వడం మన బాధ్యత.