“నీకు నీళ్లు కావాలా?”



దాహం వేసిన ఐదేళ్ల బాబు అమ్మ దగ్గరికొచ్చి “నీకు నీళ్లు కావాలా?” అంటాడు. అమ్మను అడగడం కాదది, తనకే కావాలని చెప్పడం. నీళ్లు అందిన ప్రతిసారీ చెవినపడిన మాట అదే మరి! దాన్నే దాచుకుని వాడుతున్నాడు.

ఆటిజం ఉన్న పిల్లలు ఇలా విన్న మాటనే తిరిగి పలకడం, ‘నేను’, ‘నువ్వు’ తారుమారు చేయడం గురించి డాక్టర్ లియో కానర్ 1943లోనే, 11 మంది పిల్లల మీద రాసిన వ్యాసంలో చెప్పారు. చాలాకాలం దీన్ని మాన్పించాల్సిన అలవాటుగానే చూశారు. కానీ అడగడానికీ, అవుననడానికీ, సంభాషణలో తన వంతు అందుకోవడానికీ పిల్లలు దీన్ని వాడతారని బారీ ప్రైజాంట్, జుడిత్ డుకాన్ 1981లో చూపించారు. నా దృష్టిలో అలా తిరిగి పలికేది కూడా ఎంతో విలువైన మాటే.

గొంతు సంగతీ అంతే. బస్సులో కేకలేసినట్టు మాట్లాడే పిల్లను మొండిదనేస్తాం. తన గొంతు ఎదుటివారికి ఎంత వినిపిస్తోందో అంచనా వేసుకోవడం ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు నిజంగా కష్టం. కొందరిది గుసగుస. కొందరు పాఠం అప్పజెప్పినట్టు, ఇంకొందరు రాగం తీసినట్టు మాట్లాడతారు.

పిల్ల గొంతు ఇలా పెద్దదైతే ముందు చెవి పరీక్ష చేయించండి. “అరవకు” అంటే ఎంత తగ్గించాలో పిల్లకు తెలియదు. గోడమీద ఐదు మెట్లు గీయండి: ఒకటి గుసగుస, మూడు ఇంట్లో మాట, ఐదు మైదానంలో పిలుపు. ఆటలా ఆడించండి. మీరూ మెట్టు దిగి మాట్లాడండి.

ఆ బాబు విషయానికొస్తే, “నాకు నీళ్లు కావాలి” అని వాడి తరఫున మీరే అనండి. తిరిగి చెబితేనే ఇస్తానని పట్టుబట్టకండి. ముందు గ్లాసు అందించండి.